ఎనిమిదో కుర్చీ

ఎనిమిదో కుర్చీకి పచ్చకామెర్లు వచ్చాయి. కుర్చీకి కాదు, అందులో కూర్చునే మనిషికి. ఆ రికార్డింగ్ స్టూడియోలో వయొలిన్ వాళ్ళను పేరు పెట్టి పిలిచేంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. మూడో కుర్చీ ఇంకా రాలేదు, ఐదో కుర్చీకి తీగ తెగింది, ఆరో కుర్చీ ఆవిడ పిల్లను బడి నుంచి తెచ్చుకోవాలి కాబట్టి నాలుగింటికల్లా వదిలెయ్యాలి, ఇలా నడిచేది అక్కడ మాట. ఒకటో కుర్చీ ఆయన్ని మాత్రం లీడరు అనేవారు. ఎనిమిది కమాన్లు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా దిగాయంటే అది ఆయన కంటిచూపు మహిమే. ఎనిమిదో కుర్చీ ఆయనకు స్వయానా బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ ఎనిమిదిమందికీ ఒక కట్టుబాటు ఉండేది. ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట్లో ఏ ఆపద వచ్చినా, కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతి అద్దం అవతల కూర్చుని రికార్డు చేసేవాళ్ళకు తెలియనివ్వకూడదు. పక్కవాళ్ళు కాస్త గట్టిగా వాయించి ఆ లోటు కప్పెయ్యాలి. రాని మనిషికి రావలసింది రాని మనిషి ఇంటికే చేరాలి. దీన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు, ఇరవై ఏళ్ళలో ఎవరూ తప్పలేదు. లీడరుకు తన వాయింపు కంటే ఈ కట్టుబాటంటేనే ఎక్కువ గర్వం. నలుగురిలో కూర్చున్నప్పుడు దాని గురించి మొదలుపెట్టాడంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

కామెర్లు ఒకరోజుతో పోయే జబ్బు కాదు. నెల్లాళ్ళు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. సరిగ్గా ఆ నెలలోనే ఒక పెద్ద సినిమా పని పడింది. ఆ సంగీత దర్శకుడు ఏడు వయొలిన్లకూ ఎనిమిది వయొలిన్లకూ తేడా పసిగట్టే రకం. ఎంత గట్టిగా వాయించినా ఆయన దగ్గర పప్పులుడకవు. లీడరు మొదటి రోజంతా తల పట్టుకుని, సాయంత్రం అందరూ పెట్టెలు సర్దుకుని వెళ్ళాక, మెల్లగా రికార్డింగ్ ఇంజనీరు దగ్గర చేరాడు.

"బాబూ, ఒక్క సాయం చేసి పెట్టు. ఇందాక వాయించింది నా చెవిలో వెయ్యి. ఎనిమిదో కుర్చీలో కూర్చుని వాడి ముక్క నేను వాయిస్తాను. దాన్ని అందులో కలిపెయ్యి."

ఇంజనీరు మంచివాడు. లీడరును చూస్తే అతనికి కొండంత గౌరవం. కలిపాడు. మర్నాడు సంగీత దర్శకుడు విని, బాగా కుదిరిందన్నాడు. నెల్లాళ్ళూ అలాగే గడిచింది. బావమరిది మంచంలో ఉండగానే అతనికి రావలసింది ఇల్లు చేరింది. లీడరు భార్య, మొగుడి పళ్ళెంలో అడక్కుండానే రెండోసారి వడ్డించింది. తన తమ్ముడి కుర్చీని ఇంత పదిలంగా కాపాడిన మనిషి మరి.

ఇక్కడ చెప్పుకోవలసిందేమిటంటే, ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఇంజనీరు ఒకరోజు మాటల్లో మాటగా, ఏ దురుద్దేశమూ లేకుండా, లీడరు చెయ్యి ఎంత గొప్పదో చెప్పాలనే ఉత్సాహంలో ఈ సంగతి నిర్మాత చెవిన వేశాడు. నిర్మాత సంగీతంలో ఓనమాలు రాని మనిషే గానీ కూడికలూ తీసివేతలూ బాగా వచ్చినవాడు. ఒక మనిషి రెండు కుర్చీలు వాయించగలిగితే నలుగురు ఎనిమిది కుర్చీలు ఎందుకు వాయించలేరు అని అడిగాడు.

ఆ మరుసటి ఏడాదికి నలుగురయ్యారు. ఆ తర్వాత ఇద్దరు. ఈలోగా ఒక మెషీన్ కూడా దిగింది. ఒక్క వేలు పెట్టి నొక్కితే నలభై వయొలిన్లు మోగుతాయి. వాటికి జబ్బులు చెయ్యవు, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే పని అసలే ఉండదు. ఫోన్లు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయాయి. రెండో కుర్చీ కారు నడుపుతున్నాడు. మూడో కుర్చీ అపార్టుమెంట్ల వెంట తిరుగుతూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. నాలుగో కుర్చీ ఊరొదిలి తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఐదో కుర్చీ ఇన్సూరెన్స్ కాగితాలు పట్టుకుని పాత స్నేహితులందరినీ బెంబేలెత్తిస్తున్నాడు. ఆరో కుర్చీ ఆవిడ ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంది. ఏడో కుర్చీ ఫోన్ తొడుగులు అమ్ముతున్నాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా లీడరును పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త నిద్ర పట్టేదేమో.

బావమరిది మాత్రం ఎక్కడికీ కదల్లేదు. లీడరు ఉన్న అద్దె ఇంటికి పైవాటాలోనే అతని కాపురం. పొద్దున్నే లేచి వయొలిన్ శ్రుతి చేసుకుని రెండు గంటలు సాధన చేసేవాడు. ఆ శబ్దం కప్పు గుండా కింద లీడరు నెత్తిన పడేది. మధ్యలో పాత పరిచయాల మీద వచ్చిన మూడు పెళ్ళి రిసెప్షన్లు, ఒక బడి వార్షికోత్సవం తప్ప అతనికి వేరే పని తగల్లేదు. ఎవరైనా వేరే దారి చూసుకోమంటే, బావ ఉన్నాడుగా అనేవాడు. లీడరు కూడా తక్కువ తినలేదు. వచ్చే నెల పని పడుతుందిలేరా అని ప్రతి నెలా చెప్పేవాడు. లీడరన్నాక ఆ మాత్రం చెప్పాలి గదా అనుకునేవాడు.

ఇలా ఉండగా, పైవాటా అమ్మాయి, అంటే బావమరిది భార్య, తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒక ఉద్యోగం కుదిర్చింది. నీళ్ళ పైపుల కంపెనీ గోడౌన్‌లో సరుకు చూసుకునే పని. నెల జీతం. కాకపోతే ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిదిదాకా కదలకూడదు, మొదటి ఆరు నెలలు సెలవు అడక్కూడదు. చేరేదీ లేనిదీ శనివారం మధ్యాహ్నంలోగా చెప్పాలి. వీడు కాకపోతే ఇంకొకడు వాకిట్లో నిలబడి ఉన్నాడట.

సోమవారం బావమరిది కిందికి దిగివచ్చి లీడరు ఎదురుగా కూర్చున్నాడు.

"చేరితే ఇక రికార్డింగులకి రాలేను బావా. నువ్వు చేరమంటే చేరతాను. ఆగమంటే ఆగుతాను. మనవాళ్ళ సంగతి నీకు తెలిసినట్టు నాకేం తెలుసు?"

చేరమని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాటతోబాటు ఇక మనల్ని ఎవరూ పిలవరు అన్న మాట కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ వచ్చే నెల, వచ్చే నెల అన్న నోటితోనే చెప్పాలి.

"రెండ్రోజులు ఆగు. కనుక్కుని చెప్తాను," అన్నాడు.

అతను పైకి వెళ్ళాక భార్య వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవర్ని కనుక్కుంటారు?" అంది. "వాణ్ణి చేరమని చెప్పండి. నేను చెప్తే వినడు, వాడి పెళ్ళాం చెప్తే వినడు. మీరు చెప్తేనే కదులుతాడు. చిన్నప్పట్నించీ వాడంతే."

"చెప్తాలే," అన్నాడు లీడరు.

మంగళవారం ఇంజనీరు ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఆ గొంతు వినడం ఏడు నెలల తర్వాత ఇదే.

"మాస్టారూ, రేపు పదింటికి రాగలరా? పరుపుల కంపెనీ ప్రకటన. అర నిమిషం ముక్క. మెషీన్‌తో చేసి పంపితే వాళ్ళకు నచ్చలేదు. మనుషుల్లా లేదంటున్నారు. ఎనిమిది వయొలిన్లు కావాలట."

"ఎనిమిదా," అన్నాడు లీడరు. అప్పటికే ఆయన మనసు పైవాటా మెట్లు ఎక్కేసింది. "అందరికీ చెప్తాను. పదింటికల్లా అక్కడుంటాం."

ఇంజనీరు గొంతు తగ్గించాడు.

"అందరూ అక్కర్లేదు మాస్టారూ. మీరొక్కరే రండి. వాళ్ళిచ్చేది ఒక్కరికే సరిపోతుంది. ఎనిమిదిసార్లు వాయిద్దురుగాని. మీకు కొత్తేమీ కాదుగా."

కొత్తేమీ కాదు. ఆ మాట నిజమే గనక లీడరు సరేనన్నాడు.

బుధవారం పొద్దున వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి మెట్ల మీద బావమరిది ఉతికిన బట్టలు ఆరేస్తూ కనిపించాడు.

"పెట్టె పట్టుకుని బయల్దేరావేంటి బావా? పిలుపొచ్చిందా?"

"లేదురా. బిరడ జారుతోంది, తీగ నిలవట్లేదు. రిపేరు చేయించుకొస్తా."

"నేనూ రానా తోడు?"

"బిరడకి ఇద్దరెందుకురా," అని నవ్వాడు లీడరు. ఆ నవ్వు వీధి మలుపుదాకా మొహాన అలాగే ఉండిపోయింది, తీసెయ్యడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు.

స్టూడియోలో పెద్ద గది తలుపు తీస్తే మాగిన తివాచీ వాసన కొట్టింది. కుర్చీలు ఒక మూల ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. లీడరు వాటిని తనే దించి, దుమ్ము దులిపి, ఎనిమిదీ అర్ధచంద్రంగా వేశాడు. ఒక్క మైకుకు ఒక్క కుర్చీ చాలు. ఇంజనీరు అద్దం అవతల నుంచి చూస్తూ ఉన్నాడు. లీడరు చెవుల మీద స్పంజి ఊడిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కమానుకు పట్టు రావడానికి రోజిన్ బిళ్ళ రుద్దుకుని, ఒకటో కుర్చీలో కూర్చుని వాయించాడు. ఒక్క టేక్‌లో అయిపోయింది. రెండో కుర్చీలో కూర్చుని మళ్ళీ అదే వాయించాడు. మూడో కుర్చీలోనూ అంతే. అక్కడ ఆపి, ఇంజనీరు మూడూ కలిపి వినిపించాడు.

"ఇది కూడా మెషీన్‌లాగే ఉంది మాస్టారూ. ముగ్గురు వాయించినట్టు లేదు. లావుగా ఉన్న ఒకే వయొలిన్‌లా ఉంది."

లీడరుకూ అలాగే వినిపించింది. ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఎన్నిసార్లు కలిపినా ఒకటే. ఆయన రెండో కుర్చీ వైపు చూశాడు. ఆ మనిషి కమాను చివరిదాకా లాగేవాడు కాదు, ఎప్పుడూ సగంలోనే తిప్పేసేవాడు. పిసినారి కమాను అని అందరూ ఏడిపించేవారు. లీడరు లేచి రెండో కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి సగం కమానుతో వాయించాడు.

అద్దం అవతల ఇంజనీరు తల పైకెత్తాడు.

మూడో కుర్చీ తీగను నొక్కిపట్టి వాయించేవాడు, పగవాడి గొంతు పట్టుకున్నట్టు. నాలుగో కుర్చీ స్వరం శ్రుతికి ఒక పిసరు పైన ఉండేది, పొడుగ్గా పట్టిన చోట మాత్రం హాయిగా ఉండేది. ఐదో కుర్చీ ప్రతి వరసకూ ముందు ముక్కుతో గట్టిగా గాలి పీల్చేవాడు. ఆరో కుర్చీ ఆవిడది ఎనిమిదిమందిలోకీ మంచి చెయ్యి, స్వరం నుంచి స్వరానికి వెళ్ళేటప్పుడు అతుకు కనిపించనిచ్చేది కాదు. అది రావడానికి లీడరు నాలుగు టేకులు తీసుకున్నాడు. ఏడో కుర్చీ వేలు వణికించడం మొదలుపెడితే ఆపేవాడు కాదు. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని విన్నవన్నీ ఆయన చేతిలోకి ఒక్కొక్కటిగా వచ్చాయి. వాళ్ళు ఒక్కొక్కరే తలుపు తోసుకుని వచ్చి కూర్చుంటున్నట్టే ఉంది ఆయనకు. ఈ సంగతి దాచవలసిన పనిలేదు, ఆ గంటన్నరా ఆయన సంతోషంగా ఉన్నాడు. ఏడు నెలల్లో ఎన్నడూ లేనంత సంతోషంగా.

ఎనిమిదో కుర్చీకి పెద్దగా ఆలోచించవలసిన అవసరం కలగలేదు. బావమరిది ప్రతి వరసనూ వెంట్రుకవాసి ఆలస్యంగా ఎత్తుకునేవాడు. అందరూ మొదలుపెట్టాక, వాళ్ళ వెనకాల తలుపు వేసేవాడిలా వచ్చేవాడు. దానికోసం లీడరు అతన్ని ఎన్నిసార్లు తిట్టాడో లెక్కలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని అచ్చంగా ఆ ఆలస్యంతోనే వాయించాడు. మొదటి టేకే కుదిరింది.

ఇంజనీరు ఎనిమిదీ కలిపి వినిపించాడు. గది నిండిపోయింది. పరుపు అమ్ముకోవడానికి అంత సంగీతం ఎందుకో ఆ కంపెనీకే తెలియాలి.

"ఎనిమిదిమందీ ఉన్నారు మాస్టారూ," అన్నాడు ఇంజనీరు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరి చెయ్యి వాళ్ళదే. అన్నీ విడివిడిగా దాచిపెడతాను."

"దేనికి?"

ఇంజనీరు తలొంచుకుని బటన్ల మీద దుమ్ము తుడిచాడు.

"ఇప్పుడు వచ్చిన మెషీన్లకి ఇలా ఒక్కొక్కరి చెయ్యి విడిగా ఇస్తే చాలు మాస్టారూ. అది నేర్చుకుంటుంది. తర్వాత ఏ ముక్క ఇచ్చినా ఈ ఎనిమిదిమందిలాగే వాయించేస్తుంది. ఆ మెషీన్ల కంపెనీ వాళ్ళు అడిగారు. నేను కాదంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు."

లీడరు కోప్పడలేదు. కోప్పడటానికి ఎదురుగా ఉన్నవాడు ఇతనొక్కడే, ఇతను చూస్తే ఏడ్చేలా ఉన్నాడు. కుర్చీలన్నీ మళ్ళీ మూల పేర్చేసి, ఇచ్చింది తీసుకుని బయటికొచ్చాడు. ఇక పిలుపులు లేవని ఆయనకు తెలిసిపోయింది. తనవాళ్ళకే కాదు, తనకు కూడా. ఇంటికి వెళ్ళగానే బావమరిదిని చేరిపొమ్మని చెప్పెయ్యాలి. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ నడిచాడు.

గేటు దగ్గరే బావమరిది ఎదురయ్యాడు.

"కుదిరిందా బావా బిరడ?"

"కుదిరింది," అన్నాడు లీడరు.

అంతే, ఆ ఒక్క మాటతో దారి మూసుకుపోయింది. చేరిపో అంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాలంటే ఇవాళ ఎక్కడికి వెళ్ళిందీ చెప్పాలి. ఎక్కడికి వెళ్ళిందీ చెబితే, నీ కుర్చీలో నేను కూర్చుని నీలాగే వాయించి వచ్చానురా అని చెప్పాలి. గురువారం రెండుసార్లు పైమెట్లు ఎక్కి, రెండుసార్లూ నీళ్ళు నమిలి, ట్యాంకు నిండిందేమో చూడ్డానికి వచ్చానని దిగిపోయాడు. శుక్రవారం భార్య అడిగితే, రేపు మధ్యాహ్నందాకా టైముందిగా అన్నాడు. శనివారం పొద్దున స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఏదో పెద్దమనుషుల ముందుకు వెళ్తున్నట్టు తయారై కూర్చున్నాడు. పన్నెండు కొట్టేలోగా చెప్పెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాడు.

పదకొండున్నరకు బావమరిదే మెట్లు దబదబ దిగివచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది. మొహం వెలిగిపోతోంది.

"బావా, ఇది విను. అక్కా, నువ్వూ రా."

ఫోన్‌లో ఎవరో నవ్వుతూ పరుపు మీద వాలారు. వెనకాల ఎనిమిది వయొలిన్లు లేచాయి.

"మనమే బావా. మనమే ఇది," అన్నాడు బావమరిది. "ఇదిగో, ఈ గాలి పీల్చడం ఐదో కుర్చీది. ఆరో కుర్చీ చెయ్యి చూడు. ఇప్పుడు విను, చివర్లో ఒకడు వెనకబడి వస్తాడు. అది నేను. ఎప్పుడు వాయించామో గుర్తురావట్లేదు గానీ, పాతదేదో తీసి వాడుకున్నట్టున్నారు. మెషీన్లు పక్కనబెట్టి మనల్ని వాడుకున్నారంటే అర్థమేంటి? నువ్వు చెప్తూనే ఉన్నావు వచ్చే నెల అని. నేనే నమ్మలేకపోయాను ఒక్కోసారి."

"గోడౌన్ వాళ్ళకి ఫోన్ చెయ్యి," అన్నాడు లీడరు. "చేరతానని చెప్పు."

"చేశా. ఇందాకే రానని చెప్పేశా. మా ఆవిడ ఒక గంట పోట్లాడింది, ఇది వినిపించాక ఊరుకుంది."

లీడరు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"అది నువ్వు కాదురా. నేను."

"ఏది?"

"ఎనిమిదో కుర్చీ. బుధవారం వెళ్ళి వాయించాను. బిరడ బాగానే ఉంది. నన్నొక్కణ్ణే పిలిచారు."

బావమరిది నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "నా వాయింపు నాకు తెలీదా బావా? నీ జన్మలో ఎప్పుడైనా ఆలస్యంగా ఎత్తుకున్నావా నువ్వు?"

ఇక చెప్పి లాభం లేదు. లీడరు పెట్టె తెరిచి వయొలిన్ తీశాడు. శ్రుతి చూసుకున్నాడు. పాదంతో నాలుగు లెక్కపెట్టి, వెంట్రుకవాసి ఆగి, ఎత్తుకున్నాడు. అర నిమిషం ముక్క పూర్తిగా వాయించాడు. మధ్యలో ఆపేద్దామని ఒకసారి అనిపించింది, చెయ్యి వినలేదు.

బావమరిది కమానునే చూస్తూ ఉన్నాడు. అయ్యాక కూడా అక్కడే చూస్తున్నాడు. అతని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మిగతా ఏడుగురు?" అన్నాడు చివరికి.

"అందరూ నేనే."

అతను ఫోన్ తీసి గోడౌన్‌కు చేశాడు. పొరపాటున రానన్నానండి, వస్తాను అన్నాడు. అవతలివాళ్ళు అప్పటికే వాకిట్లో ఉన్న రెండోవాణ్ణి లోపలికి పిలిచి తాళాలు ఇచ్చేశారట. ఫరవాలేదండి, ఉంటానండి అని చాలా మర్యాదగా పెట్టేశాడు. పైనుంచి అతని భార్య, ఏమన్నారూ అని అడుగుతోంది.

"కాస్త చెడగొట్టాల్సింది బావా," అన్నాడు. గొంతులో కోపమేమీ లేదు. "నా ముక్కొక్కటీ సరిగ్గా రాలేదనుకో. దానికోసమైనా నన్ను పిలిచేవాళ్ళేమో."

లీడరు ఆ గంటన్నరనూ మనసులో వెతికాడు. రెండో కుర్చీ నుంచి ఎనిమిదో కుర్చీదాకా, ఒక్కొక్క టేకూ వెతికాడు. బాగా రావాలనే చూసుకున్నాడు అన్నీ.

"తోచలేదురా," అన్నాడు.